కుండ అడుగున గార

మా పని కడగడం

బీరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశానని చెప్పగానే ఎదుటి మనిషి ముఖంలో ఒక నవ్వు మొదలవుతుంది. చెప్పేది ఆడమనిషి కావడంతో ఆ నవ్వు సగంలోనే ఆగి ఏం చెయ్యాలో తెలియక తడబడుతుంది. మా మధురవాడ అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఇది నాకు అలవాటైపోయింది. అందుకే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే చెప్పేస్తున్నాను. మా పని తాగడం కాదు, కడగడం. ట్యాంకులు కడగాలి, గొట్టాలు కడగాలి, కడిగింది నిజంగా శుభ్రపడిందో లేదో చూడాలి. రుచి చూడటం కూడా ఉంది కానీ అది ఉదయం పూట రెండు గుక్కల వ్యవహారం. మిగిలిన రోజంతా కడుగుడే.

ల్యాబులో కెమిస్టుగా చేరితే మైక్రోస్కోపు ఇస్తారనుకున్నాను. మొదటి మూడు నెలలూ చేతికి ఇచ్చింది టార్చిలైటు. మా చీఫ్ బ్రూయర్ సత్యానందం గారు నన్ను ఖాళీ ట్యాంకు మూత దగ్గరికి తీసుకెళ్ళి, చెయ్యి లోపలికి పెట్టమన్నారు.

"నున్నగుందా, గరుగ్గా ఉందా లలితమ్మా?"

"కాస్త గరుగ్గా ఉంది సార్."

"అదే గార. కంటికి కనపడదు, సేతికి తెలుస్తాది. కళ్ళని నమ్మీకు."

ధాన్యంలో ఉండే ఆక్సలేట్, నీళ్ళలో ఉండే కాల్షియం కలిసి ట్యాంకు గోడకు పలుచని పొరగా పడతాయి. పుస్తకాల్లో దాన్ని బీర్‌స్టోన్ అంటారు. పళ్ళకు పట్టేదానిలా ఉంటుందని మా వాళ్ళు గార అనేవారు. దాని సందుల్లో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ఒకసారి నేను చేత్తో తడమకుండానే సంతకం పెట్టిన ట్యాంకులో బీరంతా పులిసిపోయింది. పారబొయ్యాల్సి వచ్చింది. సత్యానందం గారు ఒక్క మాట అనలేదు. పారబోస్తున్నంతసేపూ నన్ను అక్కడే నిలబడమన్నారు, అంతే. ఆయన దగ్గర నేర్చుకున్నంత పని నేను ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయనకు ఒక్కటే లోపం. తెలీదు అనే మాట ఆయన వినలేరు, అనలేరు.

ఆ తరవాత పదిహేనేళ్ళలో గార గురించి నాకు తెలిసినంత ఈ విశాఖపట్నంలో ఎవరికీ తెలియదన్న నమ్మకం నాలో పెరిగింది. తరవాత జరిగినదానికి ఆ నమ్మకమే కారణం.

గోడ మీద రాయించిన మాట

ప్లాంటు చూడటానికి వచ్చేవాళ్ళ కోసం ఒక గది బాగు చేయించారు. సత్యానందం గారు ఖాళీ గోడ ఒకటి చూపించారు.

"ఇక్కడ బీరు పుట్టుక రాయించాల. కాలేజీ పిల్లలు వొస్తన్నారు కదా. పెద్ద కత వొద్దు. ఎవులు, ఎక్కడ, ఎప్పుడు. మూడు ముక్కల్లో తేల్చీ."

నెల రోజులు పుస్తకాలు చదివాను. చదివే కొద్దీ తల తిరిగింది. ఒక పుస్తకం రెండు నదుల మధ్య దేశం, అంటే ఇప్పటి ఇరాక్ వైపు అంది. అక్కడ పనివాళ్ళకు తిండితో పాటు బీరు ఇచ్చినట్టు మట్టిపలకల మీద రాసి ఉందట. పైన పొట్టు తేలుతుంది కాబట్టి పొడవాటి రెల్లు గొట్టాలు వేసుకుని, ఒకే కుండ చుట్టూ కూర్చుని పీల్చేవారట. సరే ఇదే మొదలు అనుకున్నాను. తీరా ఆలోచిస్తే అది రాత పుట్టిన తరవాతి సంగతి. రాయడం రాకముందు తాగలేదని ఎలా అనగలం? ఇంకో పుస్తకం ఈజిప్టు అంది. ఇంకోటి చైనా అంది. అక్కడ కుండల్లో బియ్యం, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన జాడ దొరికిందట. బియ్యంతో చేస్తే బీరేనా? తేనె కలిస్తే? మరో పుస్తకంలో, మనుషులు ఇంకా పంటలు వెయ్యడం నేర్వని రోజుల్లోనే, ఒక కొండగుహలో అడవి గింజలను మొలకెత్తించి రాతి రోళ్ళలో నలిపారని ఉంది. అయితే మనిషి సేద్యం మొదలుపెట్టింది రొట్టె కోసమా, బీరు కోసమా అని పెద్దవాళ్ళ మధ్య తగాదా. నేను ఏ పక్షానా చేరలేకపోయాను. మన దేశంలో సుర అనే మాట ఎంతో పాతది. దాన్ని ధాన్యంతో చేసేవారన్నదీ తెలుసు. కానీ అది ఇప్పటి బీరుకు ఎంత దగ్గర అంటే చదువుకున్నవాళ్ళే తలో మాట చెప్పారు.

కొన్ని విషయాలు మాత్రం అందరూ ఒప్పుకున్నారు. చేదు కోసం మేం వేసే హాప్స్ పువ్వు ఆ రోజుల్లో లేదు. ఈస్ట్ అనేది ఒకటి ఉందని ఎవరికీ తెలియదు. పాత కుండ అడుగున మిగిలినదాన్ని కొత్తదాంట్లో కలిపేవారు. ఆ పని చాలాచోట్ల ఆడవాళ్ళదే.

మా ల్యాబులో గాజు సామాను కడిగే గౌరమ్మది ఏజెన్సీలో కొండ ఊరు. పెళ్ళయ్యాక పెందుర్తి వచ్చింది. నేను తల పట్టుకుని కూర్చోవడం చూసింది.

"ఏటి మేడమ్, అంతలాగ సదివేత్తన్నారు?"

"బీరు మొదట ఎవరు చేశారా అని."

"మా మామ్మ సేసీది."

నేను నవ్వాను. గౌరమ్మ నవ్వలేదు. వాళ్ళ మామ్మ చోళ్ళు, అంటే రాగులు, నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, తిరగట్లో విసిరి, ఉడికించి, నీళ్ళు కలిపి కుండలో ఉంచేదట. మేం బార్లీతో చేసేది అంగుళం తేడా లేకుండా అదే.

"అది అంబలే కదా గౌరమ్మా?"

"మొదట్నాడు అంబలే. రెండోనాడు పిల్లలకి పెట్టం. మూడోనాడు పెద్దోలు తాగుతారు."

"మరి ఎప్పుడు అంబలి కాకుండా పోయింది?"

"ఎప్పుడంటే ఏటి సెప్తాం మేడమ్? కుండ ఒకటే కదా."

ఆ మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. అయినా గడువు దగ్గర పడింది కాబట్టి, 'బీరు వేల సంవత్సరాల క్రితం రెండు నదుల మధ్య దేశంలో పుట్టింది' అని గోడ మీద రాయించాను. నమ్మి రాయలేదు. ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాశాను.

రజియా తెచ్చిన పెంకు

ఆ గోడను చదివి ప్రశ్న వేసిన మొదటి మనిషి రజియా. పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పాత ఊళ్ళో ఉండేది.

"ఇది ఎలా తెలిసింది మేడమ్? చూసినవాళ్ళు ఎవరూ లేరు కదా."

నేను ఉత్సాహంగా చెప్పాను. అక్కడి పాత కుండల లోపల మా ట్యాంకులకు పట్టే గారే దొరికిందట. ఎన్ని వేల ఏళ్ళయినా అది పోలేదట. ఆ సంగతి చదివిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది. నేను రోజూ యాసిడ్ పోసి వదిలించే దరిద్రం వాళ్ళకు సాక్ష్యం.

రజియా కళ్ళు పెద్దవయ్యాయి. "మా తవ్వకంలో దొరికిన కుండలకు కూడా లోపల తెల్లటి పొర ఉంది మేడమ్."

వారం తిరక్కుండా మిఠాయి పెట్టెలో దూది పరిచి ఒక పెంకు తెచ్చింది. కుండ అడుగు భాగం. ఊరికి ఉత్తరాన, సముద్రం పక్కన దిబ్బలో దొరికిందట. వేలితో తడిమాను. గరుగ్గా ఉంది. చిటికెడు గీకి, యాసిడ్‌లో కరిగించి, వేడి చేసి, గులాబీ రంగు మందు చుక్కలు వేశాను. గారలో ఆక్సలేట్ ఉంటే ఆ రంగు పోతుంది. ఒక్కొక్క చుక్కా పడుతూనే రంగు వదిలేసింది.

"బీరే," అన్నాను.

అంతటితో ఊరుకోలేదు. ఈ కుండలో ధాన్యంతో చేసిన బీరు ఉండేదని నిర్ధారించడమైనది అని కంపెనీ కాగితం మీద రాసి సంతకం పెట్టాను. రజియా ఆ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుంది. తన థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే రాస్తానని, యూనివర్సిటీ సెమినార్‌లో చదువుతానని చెప్పింది. సత్యానందం గారికి చెబితే కుర్చీలోంచి లేచారు.

"అంటే బీరు మన వైజాగ్‌లోనే పుట్టిందంటావు!"

"అంత మాట నేను అనలేదు సార్."

"నువ్వు అనక్కర్లేదమ్మా. నాను అంటాను."

నెల తిరిగేసరికి పెంకు ఫొటో గోడ మీదకు ఎక్కింది. నాకూ గర్వంగానే ఉంది. ఆ మాట దాచుకోను.

కరీం గారు వచ్చిన రోజు

ఒక మధ్యాహ్నం గేటు దగ్గరి నుంచి ఫోను వచ్చింది. రజియా తండ్రి వచ్చారట. కరీం గారిది ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే పని. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు తక్కువ. హోటళ్ళ గుండిగలే ఆయనకు ఆధారం. తెల్ల గడ్డం, కళాయికి వాడే నవసాగరం పొగకు ఎర్రబడిన కళ్ళు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మేడమ్ గారూ, మా గుంట రజియా కుండల మీద సదువుతందని సెప్పింది. బీరు కంపెనీకి వొస్తందని మొన్ననే తెలిసింది. ఇక్కడ దానికి పనేటండి? బస్తీలో నలుగురూ అడుగుతన్నారు."

పెంకు చూపించాను. పరీక్ష కోసం అది ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన దాన్ని కిటికీ వెలుగులోకి పట్టుకెళ్ళారు. చూపుడు వేలి గోరుతో లోపల మెల్లగా గీశారు. అచ్చం నేను ట్యాంకును తడిమినట్టే తడిమారు.

"ఇది బీరు గారా?"

"అవునండీ."

"నాను నలభై ఏళ్ళ నుంచి గిన్నెలు తోముతన్నాను. పుల్లగూరలు వొండితే కళాయి బేగి పోద్ది. సుక్కకూర, తోటకూర రోజూ వొండిన గుండిగకి అడుగున ఇలాటి గారే పట్టుద్ది. ఇది వొంటింటి కుండ మేడమ్."

అలా అంటున్నప్పుడు ఆయన ముఖం తేటపడింది. పెంకును దూదిలో పెట్టి, "అల్లా దయ. కూర కుండే," అని వెళ్ళిపోయారు.

ఆయన అన్నది రసాయనశాస్త్రం ప్రకారం తప్పు కాదు. చుక్కకూరలో, తోటకూరలో ఆక్సలేట్ దండిగా ఉంటుంది. ఇంటర్ పిల్లలకు కూడా తెలిసిన విషయం. మరి నాకు ఎందుకు తట్టలేదు? కుండ అనగానే నాకు ట్యాంకే కనిపించింది, అందుకు. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. కూతురు బీరు జోలికి పోలేదని తేలితే ఆయనకు నిశ్చింత. అది కూర కుండ కావాలని ఆయన మనసు కోరుకుంటోంది. అలాంటి మనిషి మాట ఎలా పట్టుకోను? ఈ తర్కంతో రెండు రోజులు ధైర్యంగా తిరిగాను. మూడో రోజు, అది బీరు కుండ కావాలని నా మనసు మాత్రం కోరుకోవడం లేదా అని అనుమానం వచ్చింది. అప్పటి నుంచి ఎవరి మాట పట్టుకోవాలో, నా చేతిని నేను ఎంతవరకు నమ్మాలో నాకు తెలియలేదు.

నాలుగు కొత్త కుండలు

తేల్చుకుందామని పెందుర్తి నుంచి గౌరమ్మ చేత నాలుగు కొత్త కుండలు తెప్పించి ల్యాబు వెనక వరండాలో పెట్టాను. ఒకదాంట్లో గౌరమ్మ వాళ్ళ మామ్మ పద్ధతిలో చోళ్ళతో చేసి పులియబెట్టింది. రెండోదాంట్లో రోజూ తాజా అంబలి కాచి, పులవకముందే తీసేసేది. మూడోదాంట్లో చుక్కకూర పులుసు. నాలుగోదాంట్లో ఉత్త నీళ్ళు. ఆరు వారాలు ఇలా నడిచింది. వరండా అంతా వంటిల్లు వాసన. వచ్చేపోయేవాళ్ళు మూతులు తిప్పుకున్నారు.

ఆ ఆరు వారాల్లో ఒక్కసారైనా రజియాకు ఫోను చేసి, ఆగమ్మా, నాకు అనుమానంగా ఉంది అని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తేలాక చెబుదాం అనుకున్నాను. తేలకపోతే చెప్పక్కర్లేదు అని కూడా లోపల ఎక్కడో అనుకున్నానేమో. గోడ మీద ఫొటో, కాగితం మీద సంతకం ఉన్నాయి. పిల్లలూ, నా మొత్తం ఉద్యోగంలో పెద్ద తప్పు ఏదని అడిగితే ఆ తొందరపాటు ఉత్తరాన్ని చూపించను. ఈ ఆరు వారాల మౌనాన్నే చూపిస్తాను.

కుండలు పగలగొట్టి, గీకి, పరీక్ష చేశాను. నీళ్ళ కుండలో రంగు పోలేదు. మిగిలిన మూడింటిలోనూ పోయింది. పులిసినదాంట్లో, పులవనిదాంట్లో, పులుసులో ఒకే తీరు.

"ఏటైంది మేడమ్?" అంది గౌరమ్మ.

"మూడూ ఒకటే అంటోంది."

"మరి మన కుండలో ఏటున్నట్టు?"

పరీక్షలో తప్పేమీ లేదు. అది చెప్పని మాటను దాని నోట్లో పెట్టింది నేను. సెమినార్‌కు ఇంకా మూడు రోజులే ఉంది.

నేను పిలిస్తే రజియా ల్యాబుకు వచ్చి మూడు కుండల పెంకులూ చూసింది.

"కూర కుండ అన్న మాట మా నాన్న మీకు ఎప్పుడు చెప్పారు మేడమ్?"

చెప్పాను.

"నాకూ ఇంటికొచ్చి చెప్పారు. నేను ఆయన మీద అరిచాను. మేడమ్ కెమిస్టు, నీకేం తెలుసు అన్నాను." "మీరు ఆ రోజే ఒక్క ఫోను చేసుంటే..."

వాక్యం పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయింది.

సత్యానందం గారికి కూడా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సెమినార్‌కి ఎల్లొద్దు. కంపెనీ కాగితం మీద సంతకం పెట్టీసి, ఇప్పుడు నాకు తెలీదంటావేటి? నీ మాటకి ఇలువ ఉంటాదా? ఊరుకో. కుండ వొచ్చి సెప్తాదేటి?"

పదిహేనేళ్ళలో నేను ఆయన మాట కాదన్నది అదే మొదటిసారి.

సెమినార్ హాలు

వెనక వరుసలో కరీం గారు ఉతికిన తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నారు. రజియా తన పత్రం చదవడం మొదలుపెట్టకముందే నేను లేచాను. నేను ఇచ్చిన ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను, ఆ పరీక్షతో బీరు అని నిర్ధారించడం కుదరదు అన్నాను.

వేదిక మీది పెద్దాయన మైకు దగ్గరికి జరుపుకున్నారు. "అయితే అది బీరు కాదంటారు."

"కాదని కూడా చెప్పలేనండీ."

హాల్లో నవ్వులు. ఆయనకు కోపం వచ్చింది. "అవునా కాదా, ఏదో ఒకటి చెప్పండి."

అప్పుడు రజియా మైకు తీసుకుంది. నా వైపు చూడలేదు.

"ఈ అనుమానం మొదట మా నాన్నగారికి వచ్చింది సార్. ఆయన కళాయి వేస్తారు. గిన్నె అడుగు చూసి ఆ ఇంట్లో ఏం వండుతారో చెప్పగలరు. ఆయన మాట నేను వినలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి మూడు. బీరు, అంబలి, కూర. ఏదో తేల్చుకోవడానికి నాకు ఇంకా సమయం కావాలి."

తలలన్నీ వెనక వరుస వైపు తిరిగాయి. కరీం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నారు. బయటికి వచ్చాక మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"మేడమ్ గారూ, నాను సెప్పింది కూడా తప్పై ఉండొచ్చా?"

"ఉండొచ్చండీ."

"అంబలైతే మాత్రం మా ఇంట్లో కూడా తాగుతాం," అన్నారు. అది ఒప్పుకోవడమో, వేళాకోళమో నాకు అర్థం కాలేదు.

ఆ తరవాత

రజియాకు ఆ అధ్యాయం పోయింది. చదువు మరో ఏడాదికి పైగా సాగింది. ఆ కాలమంతా నాతో మాట్లాడలేదు. నేనూ పలకరించే ధైర్యం చెయ్యలేదు. పాత కుండల్లో ఏది ఎలా మిగులుతుంది అన్నదాన్నే విషయంగా మార్చుకుని చివరికి డాక్టరేట్ తెచ్చుకుంది. సత్యానందం గారు నాతో పని మాటలు తప్ప మాట్లాడటం మానేశారు. ఫొటో తీసెయ్యమని మూడుసార్లు రాసి ఇచ్చాను. ఆయన రిటైరై కూర్మన్నపాలెంలో కొడుకు ఇంటికి వెళ్ళే దాకా అది అక్కడే ఉంది. వెళ్ళిన వారానికి నేనే స్టూలు ఎక్కి తీశాను. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆయన్ని తలుచుకున్నప్పుడు గౌరవమో జాలో నాకే స్పష్టంగా తెలియదు.

రజియా ఇప్పుడు ఇక్కడి కాలేజీ ఒకదాంట్లో పాఠం చెబుతుంది. కిందటి ఏడాది ఫోను చేసి, తన క్లాసుకు వచ్చి మాట్లాడమంది. వెళ్ళాను. కొత్త యంత్రాలతో ఆ పెంకును మళ్ళీ పరీక్ష చేయించానని, చోళ్ళ జాడ, ఆకుకూర జాడ రెండూ కనిపించాయని, పులిసిందీ లేనిదీ మాత్రం తేలలేదని క్లాసందరి ముందే చెప్పింది. చోళ్ళతో ఆకుకూర ఎందుకు కలిసింది? ఒకే కుండలో రోజుకొకటి వండుకున్నారా? నాకు ఉన్న అయోమయం ఇంకో మెట్టు ఎక్కింది.

ముందు బెంచీలోని ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది.

"మేడమ్, పరీక్షలో బీరు పుట్టుక గురించి రాయమంటే ఏటి రాయాలి? తెలీదని రాస్తే మార్కులు ఏస్తారా?"

పిల్లలందరూ నా వైపు చూశారు. నేను రజియా వైపు చూశాను.

"తెలీదని రాస్తే వెయ్యను," అంది రజియా. "ఎంతవరకు తెలుసో రాసి, అక్కడ ఆగితే వేస్తాను."

ఆ అమ్మాయి ఇంకా ఏదో అడగబోయి, నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, ఎక్కడ ఆగాలో ఆలోచిస్తూ ఉండిపోయింది. ఆమె పక్కన ఖాళీగా ఉన్న బెంచీలో కూర్చుని నేనూ ఒక కాగితం అడిగి తీసుకున్నాను.